కిరీటాన్ని పనివాడి కన్నుతో చూడటం ఎలా?

మాది సత్తెనపల్లి. నలభై ఏళ్లు నగల్లో రాళ్లు పొదిగే పని చేశాను. 2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు, మొదటి వారంలోనే నన్ను ఇంగ్లండ్ రాజుల కిరీటాలుండే పాత కోట, టవర్ ఆఫ్ లండన్‌కి తీసుకెళ్లమన్నాను. కోహినూర్ చూడాలి, అంతే. కొల్లూరు గనుల్లో దొరికిందని చిన్నప్పటి నుంచి వింటున్న రాయి అది. లోపలికి వెళ్లాం, దాని కోసమే వెతికాను, చూశాను, వచ్చేశాం. తిరుగు రైల్లో అమ్మాయి అడిగింది: "నాన్నా, పట్టాభిషేకం కిరీటంలో రాళ్లు ఎలా పొదిగారు? మన పద్ధతేనా?" నేను చెప్పలేకపోయాను. దాని ముందు నుంచే నడిచి వచ్చాను, కానీ చూడలేదు.

ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాను. పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులు చాలామంది టవర్ చూస్తారు. అరగంటలో ముగించుకుని "అద్దాల వెనక మెరుస్తున్నాయి" అని చెబుతారు. అంత దూరం వెళ్లి అంతే చూసి రావడం నాకు బాధగా ఉంటుంది. అందుకే నేను నేర్చుకున్న పద్ధతి రాస్తున్నాను.

వెళ్లకముందు ఇంట్లో చేయాల్సినవి

రెండు కిలోల బియ్యం సంచి తల మీద పెట్టుకుని హాల్లో ఐదు నిమిషాలు నిటారుగా నడవండి. మెడ నొప్పి ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు, మిగతావాళ్లు తప్పక చేయండి. పట్టాభిషేకానికి వాడే సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం బరువు 2.07 కిలోలు. మన లెక్కలో 258 కాసుల పైమాట. 1911కి ముందు ఇంకా బరువుండేది, దాదాపు 2.6 కిలోలు. ఆ ఏడాది ఐదో జార్జ్ కోసం తగ్గించారు. దాన్ని రాజు తల మీద కాసేపే ఉంచుతారు. చర్చి నుంచి బయటికి వచ్చేటప్పుడు అంతకంటే తేలికైన ఇంపీరియల్ స్టేట్ కిరీటం పెట్టుకుంటారు. ఆ తేలికదే ఒక కిలో 60 గ్రాములు. దాన్ని పెట్టుకుని కిందికి చూస్తూ ప్రసంగం చదవలేమని, కాగితాన్నే పైకెత్తి పట్టుకోవాలని, తల వంచితే మెడ విరిగిపోతుందని రెండో ఎలిజబెత్ రాణి 2018లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పారు. బియ్యం సంచితో నడిచాక ఆ మాట మీకు వేరేగా వినిపిస్తుంది.

రెండో పని, కిరీటం భాగాలు గుర్తుపెట్టుకోవడం. కింద తల చుట్టూ ఉండేది పట్టీ. ఇంగ్లండ్ కిరీటాల్లో పట్టీ మీద నాలుగు శిలువలు, వాటి మధ్య నాలుగు లిల్లీ పువ్వు ఆకారాలు లేస్తాయి. శిలువల మీద నుంచి కమానులు వెళ్లి నడినెత్తిన కలుస్తాయి. అక్కడ ఒక చిన్న గోళం, దాని మీద ఇంకో శిలువ. లోపల మఖమల్ టోపీ, అంచున తెల్ల బొచ్చు. కమానులు ఉన్నది మూసిన కిరీటం, లేనిది తెరిచిన కిరీటం. మూసిన కిరీటం పెట్టుకున్న రాజు తన పైన ఇంకో ప్రభువు లేడని చెప్పుకుంటున్నట్టు. యూరప్‌లో ఏ కిరీటం కనిపించినా ముందు కమానులు ఉన్నాయా అని చూడండి.

ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు కొనిపెట్టుకోండి. కిరీటాలున్న జ్యూయెల్ హౌస్‌లో ఫోటోలు తీయనివ్వరు. నాకు అది మంచిదే అనిపించింది. ఫోన్ జేబులో ఉంటేనే కన్ను పని చేస్తుంది.

టవర్ దగ్గర

టవర్ హిల్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే కోట. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, గేట్లు తెరిచే సమయానికి అక్కడ ఉండండి. లోపలికి వెళ్లగానే అందరూ గైడ్ చుట్టూ గుమిగూడతారు, కోటలో పెంచే పెద్ద కాకుల్ని చూస్తూ ఆగుతారు. మీరు ఆగకుండా నేరుగా వాటర్లూ బ్లాక్ అనే పొడవాటి భవనానికి వెళ్లండి. నగలున్నది అందులోనే. మధ్యాహ్నానికి ఆ క్యూ చాలా పెరుగుతుంది. కాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే అసలు టెన్షన్. మిగతా కోట తర్వాత తీరిగ్గా చూడొచ్చు.

లోపల మొత్తం సేకరణలో 23,578 రాళ్లు ఉన్నాయంటారు. అన్నీ చూడాలనుకోవద్దు. నా సలహా ఒక చెంచాతో మొదలుపెట్టమని.

అవును, చెంచా. వెండి మీద బంగారు పూత, పన్నెండో శతాబ్దపు పని. దాని ముందు జనం ఆగరు. కానీ ఆ హాల్లో ఉన్నవాటిలో అసలైన పాతది అదే. 1649లో మొదటి చార్లెస్ తల నరికాక, పార్లమెంటు వాళ్లు రాజచిహ్నాలను కరిగించి నాణేలు కొట్టారు. రాళ్లు ఊడదీసి అమ్మేశారు. వందల ఏళ్ల పని కుంపటిలోకి పోయింది. పాత నగ కరిగించమని ఎవరైనా తెచ్చినప్పుడల్లా నా చేతికి ఒక్క క్షణం వెనకాడటం అలవాటు. ఆ సంగతి చదివినప్పుడు కడుపులో కలుక్కుమంది. ఈ చెంచాను రాజు కొలువులో పనిచేసిన ఒకాయన 16 షిల్లింగులకు కొనుక్కున్నాడు. రాజరికం తిరిగి వచ్చాక రెండో చార్లెస్‌కి అప్పగించాడు. పట్టాభిషేకంలో పవిత్ర తైలం దీంట్లోనే పోస్తారు. చెంచా గిన్నె మధ్యలో ఒక గట్టు కనిపిస్తుంది, చూడండి. గిన్నె రెండు గుంటలుగా ఉంటుంది, ఆర్చిబిషప్ రెండు వేళ్లు ముంచడానికి వీలుగా. పట్టుకునే చేతి కోసం ఆలోచించి చేసిన వస్తువు అది.

కదిలే బాట మీద ఎలా చూడాలి

ప్రధాన కిరీటాల ముందు నిలబడనివ్వరు. ఎయిర్‌పోర్టులో ఉండేలాంటి కదిలే బాట మనల్ని వాటి పక్కనుంచి తీసుకెళ్లిపోతుంది. మొదటిసారి నేను ఇక్కడే నష్టపోయాను. తల అటూ ఇటూ తిప్పుతూ ఒక్కటీ సరిగా చూడలేదు. కానీ బాట దిగాక మళ్లీ వెనక్కి వెళ్లి ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనరు. బాట వెనక కాస్త ఎత్తులో నిలబడి చూసే చోటు కూడా ఉంది. కాబట్టి ఒక్కో విడతకి ఒక్క కిరీటమే చూస్తానని ముందే నిర్ణయించుకోండి. మొదటి విడతలో ఒకటి, రెండో విడతలో ఇంకొకటి. అన్ని విడతలూ అయ్యాక ఎత్తు మీద నుంచి అన్నీ కలిపి. ఉదయాన్నే రమ్మన్నది ఇందుకే.

ముందు సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం. 1661లో రెండో చార్లెస్ కోసం చేసింది. కరిగిపోయిన పాతదాని స్థానంలో వచ్చింది. గట్టి బంగారం, 22 క్యారెట్లు, అంటే మన ఆడవాళ్ల మెడలో ఉండే బంగారం వన్నె. రాళ్లు 444. మనవాళ్లు వజ్రాలు వెతుకుతారు, కానీ ఇక్కడ చూడాల్సినవి లేత నీలం ఆక్వామెరీన్లు, టూర్మలీన్లు, అమెథిస్టులు, పుష్యరాగాలు, గోమేధికాలు. రాజుల కిరీటంలో ఇంత మామూలు రాళ్లా అని నేనూ అనుకున్నాను. కారణం తెలిశాక గౌరవం పెరిగింది. 1911 వరకు ఈ కిరీటంలో రాళ్లు శాశ్వతంగా ఉండేవి కావు. పట్టాభిషేకానికి అద్దెకు తెచ్చి పొదిగేవారు, అయ్యాక ఊడదీసి ఇచ్చేసేవారు. 1911లోనే ఈ రాళ్లను శాశ్వతంగా బిగించారు. అంచుల వెంబడి, కమానుల మీద వరసగా ఉన్న బంగారు పూసలు గమనించండి. అంతకుముందు అక్కడ ఉన్నవి నకిలీ ముత్యాలు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు జవాబు. రాళ్ల చుట్టూ తెల్లని ఎనామిల్ ఆకులు కనిపిస్తాయి. రాయి వాటి మధ్య గూడులో కూర్చుంటుంది. మన పద్ధతిలో అయితే గూడు అడుగున లక్క వేసి, రేకు పరిచి, రాయి పెట్టి, చుట్టూ కుందనపు రేకు నొక్కి బిగిస్తాం. రాయి వన్నె ఆ రేకు నుంచి వస్తుంది. వీళ్లది కూడా రాయిని గూడులో కూర్చోబెట్టే పనే, కానీ అంచుకి ఎనామిల్ రంగు తెచ్చి రాయికి హద్దు గీశారు. పైనుంచి కింద వరకు చూసుకుంటూ వెళ్లండి. కమానులు నడినెత్తిన కలిసే చోట కిందికి వంగి ఉంటాయి. ఆ వంపు దగ్గర కన్ను నిలపండి. అంత బరువు బంగారాన్ని ఆ తీరున వంచి, రెండు వైపులా సమానంగా తేవడం తేలిక కాదు.

దీనికి ముందు వైపు ఏదో చెప్పగలరేమో ప్రయత్నించండి. ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటాయి. 1937లో ఆరో జార్జ్ పట్టాభిషేకానికి ముందు వైపు గుర్తుగా ఒక రాయి కింద చిన్న ఎర్ర దారం పెట్టారు. ఎవరో శుభ్రం చేస్తూ అది తీసేశారు. ఆర్చిబిషప్ కిరీటాన్ని చేతుల్లో తిప్పుతూ ముందు వైపు కోసం వెతకాల్సి వచ్చింది. మా పనిలో కూడా ముందు వైపు గుర్తు కోసం దారం కట్టుకుంటాం. అందుకే ఈ సంగతి నాకు మనసుకు పట్టింది.

రెండో విడతలో ఇంపీరియల్ స్టేట్ కిరీటం. ఇది 1937లో గారార్డ్ అనే నగల కంపెనీ వాళ్లు చేసింది, 1838 నాటి విక్టోరియా కిరీటం నమూనా మీద. 2,868 వజ్రాలు, 17 నీలాలు, 11 పచ్చలు, 269 ముత్యాలు, 4 కెంపులు. ముందు భాగంలో పైన ఎర్రగా కోడిగుడ్డంత కనిపించే రాయిని బ్లాక్ ప్రిన్స్ కెంపు అంటారు. అది కెంపు కాదు, స్పినెల్ అనే వేరే రాయి. వాటిని రెండు వేర్వేరు రాళ్లుగా గుర్తించింది పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే. అంతవరకు ఎర్రగా మెరిసేదాన్ని కెంపు అనే అన్నారు. ఆ రాయిని సాన పట్టి పలకలు తీయలేదు, నున్నగా మెరుగు పెట్టి వదిలేశారు. పై భాగంలో ఒక చిన్న ఎర్ర చుక్క వెతకండి. ఒకప్పుడు మెడలో వేలాడదీయడానికి రంధ్రం చేశారు. ఆ రంధ్రాన్ని చిన్న కెంపుతో మూశారు. ఆ చుక్క నాకు దొరికింది నాలుగోసారి వెళ్లినప్పుడు. దొరికిన క్షణం గొంతు పట్టేసింది. ఎక్కడో, ఎప్పుడో, పేరు తెలియని ఒక మనిషి అంత రాయిని పగలకుండా తొలిచాడు. ఆ చేతి గుర్తు ఇంకా అక్కడే ఉంది.

దాని కింద తెల్లగా ఉన్నది కల్లినన్ 2, 317.4 క్యారెట్లు. దాని అన్న కల్లినన్ 1 పక్కనే రాజదండం తలలో ఉంటుంది, 530.2 క్యారెట్లు, అంటే 106 గ్రాములు. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల ముడి రాయిని ఆమ్‌స్టర్‌డామ్‌లో పగలగొట్టి కోసిన ముక్కలివి. ఈ రెండూ తీసి బ్రూచిలా పెట్టుకునేలా అమర్చారు. కిరీటం ముందు భాగంలో కల్లినన్ 2కి చోటు ఇవ్వడానికి 104 క్యారెట్ల స్టువర్ట్ నీలాన్ని వెనక్కి మార్చారు. వెనక వైపు చూడటం మరిచిపోవద్దు.

టవర్‌లో ఇంకొకటి అడిగి మరీ చూడండి: ఖాళీ చట్రాలు. పాత కిరీటాల్లో రాళ్లు తీసేశాక మిగిలిన బంగారు, వెండి గూళ్లు. ఆ రోజు ఏ గదిలో ఉన్నాయో ఎర్ర అంచుల యూనిఫాం వేసుకున్న వార్డర్‌ని అడగండి, ఓపిగ్గా చెబుతారు. నాలుగో జార్జ్ 1821లో తన కిరీటానికి 12,314 వజ్రాలు అద్దెకు తెచ్చి పొదిగించుకున్నాడు. తర్వాత అవన్నీ వెనక్కి పోయాయి. మిగిలిన చట్రం చూస్తే ఒక్కొక్క గూడూ విడిగా కనిపిస్తుంది. రాయి మెరుపు అడ్డం లేదు కాబట్టి పని మొత్తం బయటపడుతుంది. నేర్చుకునే కుర్రాళ్లకు వెయ్యి పాఠాల కంటే ఆ చట్రం ఎక్కువ.

కోహినూర్ దగ్గర

దీన్ని చివరికి ఉంచుకోండి. కన్ను బాగా అలవాటు పడ్డాక చూస్తే కనిపించేది వేరు.

ఇది రెండో ఎలిజబెత్ రాణి తల్లి (ఆమె పేరూ ఎలిజబెతే) కోసం 1937లో చేసిన ప్లాటినం కిరీటంలో, ముందు శిలువలో ఉంటుంది. 105.6 క్యారెట్లు, అంటే 21 గ్రాములు, రెండున్నర కాసులకు కాస్త ఎక్కువ. మన దేశం నుంచి వెళ్లేటప్పుడు 186 క్యారెట్లు. 1849లో లాహోర్ ఒప్పందంలో పదేళ్ల బాలుడైన పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ నుంచి తీసుకున్నారు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే, మెరవడం లేదని జనం పెదవి విరిచారు. 1852లో మళ్లీ సాన పట్టారు. ఆవిరి యంత్రం మీద, 38 రోజులు. నూటికి నలభై వంతులకు పైగా రాయి పొడైపోయింది.

మన దగ్గర పాత పనివాళ్లు రాయి బరువు పోకుండా మెరుగు పెట్టేవాళ్లు. రాయి పుట్టిన ఆకారాన్ని గౌరవించేవాళ్లు. లండన్ వాళ్లు బరువు వదులుకుని మెరుపు తెచ్చుకున్నారు. ఏది సరైనదో అని వాదించవచ్చు. కానీ పోయిన ఆ ఎనభై క్యారెట్ల గురించి నేను ఇప్పటికీ బాధపడతాను, దాచుకోను.

కొల్లూరు అంటే కృష్ణ ఒడ్డున ఉండేది, మా ఊరి నుంచి బెల్లంకొండ దాటి వెళ్లాలి. పదిహేడో శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, గనుల్లో 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయంలో ఉంది. కోహినూర్ అక్కడిదేనని తరతరాలుగా చెబుతున్నారు, కాగితం మీద రుజువు మాత్రం లేదు. 2023 పట్టాభిషేకంలో కెమిల్లా రాణి కోహినూర్ ఉన్న కిరీటం పెట్టుకోలేదు. మేరీ రాణి కిరీటంలో కల్లినన్ ముక్కలు పొదిగించి వాడారు. ఇవన్నీ తెలుసుకుని వెళ్లండి. కానీ ఆ బాట మీద ఉన్న కొన్ని సెకన్లు రాయిని మాత్రమే చూడండి. కోపమూ బాధా బయటికి వచ్చాక కూడా మీతోనే ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు.

ఇంకో ఊరు చూసే వీలుంటే

ఎంచుకోమంటే వియన్నా అంటాను. హోఫ్‌బర్గ్ రాజభవనంలోని ఖజానాలో పవిత్ర రోమన్ సామ్రాజ్యపు కిరీటం ఉంది. వెయ్యేళ్లకు పైబడినది. గుండ్రంగా ఉండదు, ఎనిమిది బంగారు పలకలు కీళ్లతో కలిపినది. రాళ్లను సాన పట్టి కోణాలు తీయలేదు, నున్నటి గులకల్లా ఉంటాయి. ఇక్కడ ఒకటే చూడండి: రాళ్ల వెనక బంగారం కోసేశారు. వెలుగు వెనక నుంచి రాయిలోంచి వస్తుంది. మేం క్లోజ్ సెట్టింగ్, ఓపెన్ సెట్టింగ్ అని పిలిచే రెండిట్లో రెండోది, వెయ్యేళ్ల కిందట. పక్కకి జరిగి, దీపం రాళ్ల వెనక్కి వచ్చేలా నిలబడి చూడండి.

పారిస్‌లో లూవ్ర్‌లోని అపోలో గ్యాలరీలో 140.64 క్యారెట్ల రీజెంట్ వజ్రం ఉండేది. ఇది కూడా కొల్లూరు రాయేనంటారు. మద్రాసు గవర్నర్ పిట్ కొన్నాడు, 1722లో పదిహేనో లూయీ పట్టాభిషేక కిరీటంలోకి ఎక్కింది. 2025 అక్టోబర్ 19న ఆ గ్యాలరీలో దొంగతనం జరిగింది, రీజెంట్ మాత్రం పోలేదు. వెళ్లేముందు గ్యాలరీ తెరిచారా, రాయి ప్రదర్శనలో ఉందా అని చూసుకోండి. బుడాపెస్ట్ పార్లమెంటులో హంగరీ కిరీటం మీద శిలువ పక్కకి ఒరిగి ఉంటుంది, దాన్ని నిటారుగా సరిచేయకుండా అలాగే ఉంచారు. ప్రేగ్‌లోని సెయింట్ వెన్సెస్లాస్ కిరీటం ఏడు తాళాల వెనక ఉంటుంది, తాళం చెవులు ఏడుగురి దగ్గర. ఎప్పుడో గానీ బయటికి తీయరు, కాబట్టి దాని కోసం ప్రయాణం పెట్టుకోవద్దు.

బయటికి వచ్చాక

వెంటనే ఫోన్ తీయొద్దు. కోట లోపలే బెంచీ మీద కూర్చుని, చూసింది గుర్తున్నంతవరకు గీయండి. గీత బాగుండాల్సిన పని లేదు. కమాను ఎంత వంగింది, రాయి చుట్టూ ఏముంది, ముందు రాయి ఏది, వెనక రాయి ఏది. గీస్తుంటే ఎక్కడ చూడలేదో తెలుస్తుంది. రాత్రి వరకు ఆగితే సగం పోతుంది, నాకు అలాగే పోయింది. మర్చిపోయినచోట ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి.

నా పుస్తకంలో ఎడ్వర్డ్ కిరీటానికి ఆరు పేజీలు, చెంచాకి రెండు, ఎర్ర రాయికి మూడు. కోహినూర్ పేజీలో రాయి ఉంది, శిలువ ఉంది. దాని చుట్టూ ఉన్న చిన్న రవ్వల దగ్గర ఇంకా ప్రశ్న గుర్తే ఉంది. మళ్లీ వెళ్లినప్పుడు మొదటి విడత దానికే.